హాథార్న్‌కి పన్నెండే జెర్సీలు

బెర్నడీన్ షెపానిక్‌కి ఎవరి మీదా నమ్మకం లేదు. అలాగని చెడ్డమనిషి కాదు. పక్కింట్లో ఎవరికైనా జ్వరమొస్తే మొదట వెళ్ళే సూపు గిన్నె ఆవిడదే. కాకపోతే ఆ గిన్నె తిరిగొచ్చాక, తనదేనా కాదా అని అడుగు తిప్పి చూసుకుంటుంది. ఆదివారం చర్చిలో ఫాదరు ప్రసంగం పది నిమిషాలు ముందే ముగిస్తే, ఈయనకి ఎక్కడికి పోయే పనుందో అనుకుంటుంది. జూన్ నెలలో నాలుగు రోజులు వరసగా ఎండ కాసినా చలికోటు పెట్టెలో పెట్టదు. బఫెలో ఊళ్ళో ఎండని నమ్మి పెట్టెలో పెట్టినవాళ్ళు ఎలా వణికారో ఆవిడ పేర్లతో సహా చెప్పగలదు.

అరవై రెండేళ్ళు. బఫెలో పక్కనే చీక్టోవాగాలో రెండు వాటాల ఇల్లు. కింద వాటాలో ఆవిడ, పై వాటాలో తమ్ముడు కాజ్. కాజ్ అసలు పేరు కాసిమిర్, అలా పిలిచే మనుషులందరూ పోయారు. పిండి మిల్లులో ముప్ఫై నాలుగేళ్ళు బస్తాలు లెక్కపెట్టి రిటైరయ్యాడు. బెర్నడీన్ మొగుడు పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పట్నించీ రాత్రి భోజనం అక్కా తమ్ముళ్ళిద్దరూ కిందే చేస్తారు, దెబ్బలాడుకుంటూ.

ఆవిడ పనిచేసేది బాస్కెట్‌బాల్ హాలు కింద, నేలమాళిగలో. మా ఊరి జట్టు మిల్లర్స్. వాళ్ళ జెర్సీల మీద పేర్లూ అంకెలూ కుట్టేది ఆవిడే. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే గది, అవే రెండు మిషన్లు. ఎవడు జట్టులోకి వస్తున్నాడో ఎవడు పోతున్నాడో పేపరువాళ్ళకంటే ముందు ఆవిడకి తెలుస్తుంది. వచ్చేవాడికి అక్షరాలు కత్తిరించాలి, పోయేవాడి అక్షరాలు విప్పాలి. అందుకే ఆవిడ కుట్లు విప్పే కొక్కెం అంటే ఆటగాళ్ళకి హడలు. ఏడడుగుల మగాళ్ళు తలుపు దగ్గర తల వంచుకుని లోపలికొచ్చి, ముందు బల్ల మీద ఎవరి పేరు పడుందో చూసుకుని, తనది కాదని తేలాక గానీ గుడ్ మార్నింగ్ చెప్పరు.

ఆ భయం లేనివాడు ఒక్కడే, జవెల్ హాథార్న్. మిసిసిపీ వాడు. పందొమ్మిదేళ్ళప్పుడు వచ్చాడు, ఇప్పుడు ఇరవై ఆరు. మొదటేడు ఒక ఆటకి ముందు వాడి జెర్సీ అంచు ఊడింది. టైం లేదు, ఒంటి మీదుండగానే బెర్నడీన్ మోకాళ్ళ మీద కూర్చుని సూదితో కుట్టి, దారం పంటితో కొరికింది. ఆ రోజు వాడు ముప్ఫై ఎనిమిది పాయింట్లు కొట్టాడు. ఇక అంతే. అప్పట్నించీ ఇక్కడి హాల్లో ఏ ఆటున్నా, గంట ముందు కిందికి దిగొచ్చి, జెర్సీ అంచున ఆఖరి కుట్టు తన ఎదురుగా వేయించుకుని గానీ మైదానంలోకి పోడు. ఏడేళ్ళలో ఒక్కసారి ఆవిడకి ఫ్లూ వచ్చింది. ఆ రోజు వాడు కొట్టినవి తొమ్మిది. ఆ సంగతి ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు.

ఆ ఎండాకాలం హాథార్న్ ఒప్పందం గడువు తీరింది. ఊరంతా అదే గొడవ. వాడికి మాక్స్ ఇవ్వాలా వద్దా అని. మాక్స్ అంటే ఒక ఆటగాడికి లీగ్ ఇవ్వనిచ్చేదాంట్లో అన్నింటికంటే పెద్దది. ఐదేళ్ళకి ఇరవై ఏడు కోట్ల డాలర్లు. జట్టు మొత్తం జీతాలకి లీగ్ ఒక గీత గీసి పెడుతుంది. ఆ గీత లోపల మూడో వంతు హాథార్న్ ఒక్కడే తీసుకుంటే, మిగతా పద్నాలుగు మందీ తక్కినదాంతో సర్దుకోవాలి.

శుక్రవారం మధ్యాహ్నం చేపల వేపుడు తినడానికి అందరం చేరే బారులో, ఇవ్వాలనేవాళ్ళు కిటికీ పక్కన, వద్దనేవాళ్ళు గోడ పక్కన కూర్చోవడం మొదలైంది. ఎవరూ చెప్పి చేసింది కాదు, అలా కుదిరిపోయింది. కాజ్ గోడ వైపు. బెర్నడీన్ కిటికీ వైపు. ఒక ఇంటి మనుషులు రెండు బల్లల మీద తింటున్నారని బారువాడికి నవ్వు.

"పదిహేను మందికి వండిన దాంట్లో ఒకడే మూడో వంతు లాగేస్తే, మిగతావాళ్ళు ఏం తిని ఆడతారే?" అనేవాడు కాజ్ ఈ బల్ల నుంచి ఆ బల్లకి వినపడేలా. "పోయినేడు చూశావుగా. వాడు ఆడకుండా కూర్చున్న పది నిమిషాల్లో పదహారు పాయింట్లు పోయేవి. బెంచీ మీద మనుషులేరీ? ఇంకో ఐదేళ్ళు ఇదే చూడమంటావా? ఈలోగా వాడి మోకాలు పట్టేస్తే? కుంటికాలికి ఐదేళ్ళ జీతం."

"వాణ్ణి పోనిస్తే ఇంకెవడొస్తాడు ఇక్కడికి?" అనేది బెర్నడీన్. "జనవరిలో ఈ సరస్సు గాలికి ఎదురు నిలబడటానికి మయామీ వాళ్ళు పరిగెత్తుకొస్తారనుకున్నావా? మాక్స్ అంటే వాడి విలువ అంతే అని కాదు కాజ్. లీగ్ వాళ్ళు అంతకంటే ఇవ్వనివ్వరు కాబట్టి అది. గీత లేకపోతే వాడికి దీనికి రెట్టింపు ఇచ్చేవాళ్ళున్నారు."

"అబ్బో, నువ్వెప్పుడు నేర్చావు ఇవన్నీ?"

"కుట్టేటప్పుడు చెవులు ఖాళీయేగా."

ఆవిడ అలా అనడానికి అసలు కారణం వేరే ఉంది. కాజ్‌కి తెలుసు. హాలు అద్దె ఒప్పందం ఇంకా రెండేళ్ళే. జట్టు యజమాని దక్షిణాన ఏదో ఊళ్ళో కొత్త హాలు చూసొచ్చాడని పుకారు. హాథార్న్ ఉంటే జట్టు ఉంటుంది. హాథార్న్ పోతే సీట్లు ఖాళీ, సీట్లు ఖాళీ అయితే జట్టు లారీ ఎక్కుతుంది. బెర్నడీన్‌కి పూర్తి పెన్షన్ రావాలంటే ఇంకా మూడేళ్ళు ఆ గదిలో కుట్టాలి. వాడి సంతకం మీద తన గది నిలబడి ఉందని ఆవిడకి బాగా తెలుసు.

సంతకానికి రెండు వారాల ముందు, ఒక బుధవారం పొద్దున, పై అంతస్తు నుంచి వారెన్ ప్రూయిట్ దిగొచ్చాడు. మేనేజరు తర్వాత మేనేజరు ఆయన. తొమ్మిదేళ్ళలో ఆ గదికి ఒక్కసారీ రాలేదు. వచ్చినవాడు ఊరికే రాలేదు, అట్టపెట్టె నిండా పొంచ్కీలు తెచ్చాడు.

పొంచ్కీలంటే లోపల జామ్ పెట్టి నూనెలో వేయించే పోలండ్ వాళ్ళ బన్నులు, ఈస్టరు ఉపవాసాలు మొదలయ్యే ముందురోజు తినేవి. ఫిబ్రవరిలోనో మార్చిలోనో. జూన్‌లో పొంచ్కీలు తెచ్చే మనిషిని బెర్నడీన్ జన్మలో చూడలేదు.

"మీవాళ్ళకి ఇష్టమట కదా ఇవి," అన్నాడు ప్రూయిట్.

"మావాళ్ళకా?" అంది ఆవిడ. "ఇష్టమే. కాలమొచ్చినప్పుడు."

ఆయన నవ్వాడు. గదంతా కలియజూశాడు. మిషన్లు పాతవి కదూ అన్నాడు. గోడ వెంట ఈ మూల నుంచి ఆ మూలకి ఒక పాదం మడమకి రెండో పాదం వేళ్ళు ఆనిస్తూ నడిచాడు, ఏదో ఆలోచిస్తున్నట్టు. ఆఖరికి బల్ల మీదున్న తగరపు డబ్బా మీద చెయ్యి వేశాడు. ఆ డబ్బాలో ఆటగాళ్ళందరి కొలతల చీటీలుంటాయి.

"హాథార్న్ కొలతలు ఒకసారి ఇస్తారా? ఏమైనా మారాయా ఈ మధ్య?"

బెర్నడీన్ చేతిలో సూది ఆగింది. కోట్ల కాగితం మీద సంతకం పెట్టే ముందు పైవాళ్ళకి వాడి కొలతలెందుకు? పోయిన చలికాలం చివర్లో వాడి ఎడమ మోకాలు కాస్త ఇబ్బంది పెట్టింది. లాగు ఎడమ కాలు వెడల్పు చేయమని అడిగితే, లోపల కట్టు పట్టేలా ఆవిడే అర అంగుళం వదిలింది. ఆ సంగతి చీటీ మీద ఉంది. ఇది తెలుసుకుని బేరం తగ్గించడానికే ఈ పొంచ్కీలు అనుకుంది.

"వాడివేం మారలేదు," అంది. డబ్బా తనవైపు లాక్కుని, వెనకాల అడుగున ఉన్న పాత చీటీ తీసి ఇచ్చింది. అది హాథార్న్ మొదటేడు వచ్చినప్పుడు తీసింది. పందొమ్మిదేళ్ళ కుర్రాడి భుజాలు, కుర్రాడి నడుము.

ప్రూయిట్ దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకుని, థాంక్యూ చెప్పి వెళ్ళిపోయాడు. పొంచ్కీలు నాలుగు గంటలదాకా అలాగే ఉన్నాయి. తర్వాత ఆవిడ ఒకటి తుంచి లోపల ఏముందో చూసి, తినేసింది. అల్లం జామ్. ఇక్కడెవరూ అల్లం జామ్ పెట్టరు.

తర్వాతి మంగళవారం రాబోయే ఏటికి ఆర్డరు కాగితం వచ్చింది. ఏ ఆటగాడికి ఎన్ని జెర్సీలు కుట్టాలో అందులో ఉంటుంది. మిల్లర్స్‌లో పద్ధతి ఏమిటంటే, నెలకి మనిషికి నాలుగు. అక్టోబరు చివర మొదలై ఏప్రిల్ దాకా, ఇరవై నాలుగు. బెర్నడీన్ వేలితో కిందికి వస్తోంది. ఇరవై నాలుగు, ఇరవై నాలుగు, ఇరవై నాలుగు. హాథార్న్ పేరు దగ్గర వేలు ఆగిపోయింది.

పన్నెండు.

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. పన్నెండు. అంటే మూడు నెలలు. అంటే జనవరి చివర. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ హాలు కింద గడిపిన మనిషికి జనవరి అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో సంతకం పెట్టినవాణ్ణి జనవరి సగం దాకా ఇంకో జట్టుకి ఇవ్వకూడదని లీగ్ రూలు. ఆ తర్వాత మూడు వారాలు తలుపు తెరిచుంటుంది. ఇచ్చేవాళ్ళు అప్పుడే ఇస్తారు.

మాక్స్ ఇచ్చినట్టు ఇచ్చి, ఊరి చేత చప్పట్లు కొట్టించుకుని, టికెట్లన్నీ అమ్ముకుని, జనవరిలో వాణ్ణి మూట కట్టి పంపిస్తారన్నమాట.

ఇదేదో ఉత్త అనుమానం అనుకుంటారేమో. ఆరేళ్ళ కిందట ఆడమ్స్‌కీ అనే ఆటగాడికి ఇలాగే ఎనిమిది జెర్సీలే రాశారు. రాసినవాడి పొరపాటు అనుకుంది ఆవిడ. క్రిస్మస్ వారంలో ఆడమ్స్‌కీ పేరు విప్పమన్నారు. నోటితో ఎన్నైనా చెబుతారు గానీ, పోయేవాడికి ఎవరూ గుడ్డ కొనరు. ఆ రోజు నుంచీ ఆవిడ పైవాళ్ళ మాటలు వినడం మానేసి ఆర్డరు కాగితం చదవడం మొదలుపెట్టింది.

శుక్రవారం బారులో గోడ వైపు వెళ్ళి కాజ్ పక్కన కూర్చుంది. కిటికీ వైపువాళ్ళు వింతగా చూశారు.

"ఏంటి, జట్టు మారావా?" అన్నాడు కాజ్.

"మెల్లగా మాట్లాడు." ఆవిడ సంగతంతా చెప్పింది. కాజ్ చేపముక్క నమలడం ఆపి విన్నాడు.

"నిజమే అయితే," అన్నాడు చివరికి, "మంచి పనే చేస్తున్నారు. మూడు నెలలు ఆడించి, వాడికి బదులు ముగ్గుర్ని తెచ్చుకుంటారు. నేను మొదట్నించీ అంటున్నదదే."

"వాడికి తెలియదు కాజ్. ఇక్కడే ఇల్లు కొంటున్నాడు. వాళ్ళమ్మని తీసుకొస్తున్నాడు. మొన్న నాకు కిటికీ తెరల రంగులు చూపించాడు."

"అయితే?"

"చెప్పాలి కదా."

కాజ్ గ్లాసు కింద పెట్టాడు. "చూడు బెర్నీ. నువ్వు చెప్తే వాడు సంతకం పెట్టడు. ఇంకో ఊరు పోతాడు. వాడు పోతే జట్టు పోతుంది, జట్టు పోతే నీ గది పోతుంది. నీకు మూడేళ్ళుంది. వాడికేం, ఎక్కడికి పోయినా కోట్లే. నీకెవరిస్తారు? నోరు మూసుకుని పన్నెండు కుట్టు."

"జనవరిలో వాడి పేరు నేనే విప్పాలి."

"విప్పు. నీ పనేగా."

ఆవిడ చేప సగం వదిలేసింది. తమ్ముడు చెప్పింది సబబే. అంత సబబుగా ఉండటమే ఆవిడకి నచ్చలేదు. వీడికెవరైనా చెప్పి పంపారా అని కూడా ఒక్క క్షణం అనిపించింది. కాజ్‌ని చూసి ఆ ఆలోచన మానుకుంది. వాడి గడ్డానికి సాస్ అంటుకుని ఉంది.

సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి సంతకం. పొద్దున్నుంచీ పైన టీవీ వాళ్ళ తీగలు, కుర్చీలు. గాలి సరస్సు మీద నుంచి వీస్తోంది, ఊరంతా మిల్లు వాసన, కాల్చిన ఓట్స్ వాసన. బెర్నడీన్ పదింటికల్లా గదిలో కూర్చుంది, చెప్పాలా వద్దా తేలక. మిషన్‌కి నూనె వేసింది. వేసిన చోటే మళ్ళీ వేసింది.

పదకొండున్నరకి తలుపు తోసుకుని హాథార్న్ వచ్చాడు. తల వంచడం మర్చిపోయి నుదురు కొట్టుకున్నాడు. చేతిలో కొత్త జెర్సీ.

"మిస్ బెర్నీ, ఇది చూడండి."

"ఏంటి నాయనా?"

"ఫొటోకి ఇచ్చారు. పట్టడం లేదు. భుజాల దగ్గరే ఇరుక్కుపోయింది." వాడు జెర్సీ బల్ల మీద పడేశాడు. "ఓనరు ముందే వేసుకోబోయాను. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. లావెక్కానంటున్నారు. కొలతలేం మారలేదని కింది నుంచి చీటీ ఉందట, మరి జెర్సీ పట్టకపోతే ఒంట్లో ఏదో తేడా ఉందన్నమాటట. డాక్టర్ని మళ్ళీ పిలిచారు. డాక్టరు చూసేదాకా సంతకం ఆపారు. మీరు చెప్పండి, నేను లావెక్కానా?"

బెర్నడీన్ జెర్సీ చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. అది తను కుట్టింది కాదు. అక్షరాలు జిగురుతో అంటించి, అంచుల మీద ఏదో పెద్ద మిషన్ ఒకే తీరున పరుగెత్తింది. మెడ లోపల కొలత చూసింది. పందొమ్మిదేళ్ళ కుర్రాడి కొలత.

ఆవిడ కుర్చీలో కూర్చుంది.

"నువ్వు లావెక్కలేదు. ఆ చీటీ నేనిచ్చింది. ఏడేళ్ళ కిందటిది, కావాలనే ఇచ్చాను."

"కావాలనా?"

"నీ మోకాలి సంగతి తెలుసుకోవడానికి వచ్చాడనుకున్నాను, ఆ ప్రూయిట్. అందుకని పాతది ఇచ్చాను." ఆపితే మళ్ళీ చెప్పలేనని ఆగకుండా చెప్పింది. "ఇంకోటుంది. నీకు పన్నెండే ఆర్డరిచ్చారు. అందరికీ ఇరవై నాలుగు, నీకు పన్నెండు. జనవరిలో నిన్ను అమ్మేస్తారు నాయనా. నువ్వు సంతకం పెట్టేముందు నీకు తెలియాలని చెప్తున్నాను. చెప్తే నా పని పోతుందని కూడా తెలుసు."

హాథార్న్ బల్ల మీదున్న ఆర్డరు కాగితం తీసుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. నవ్వుతాడేమో అనుకుంది, నవ్వలేదు. ఫోన్ తీసి, "ప్రూయిట్, కిందికి రా. కుట్టే గదికి. లేదు, ఇప్పుడే. ఒక్కడివే రా," అన్నాడు.

ప్రూయిట్ మూడు నిమిషాల్లో వచ్చాడు, టై సర్దుకుంటూ. హాథార్న్ ఆర్డరు కాగితం ఆయన ముందు పెట్టి పన్నెండు మీద వేలు ఉంచాడు.

"జనవరిలో నన్నెక్కడికి పంపుతున్నారు?"

ప్రూయిట్‌కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహంలో ఒక రకమైన తేలిక కనపడింది, వెంటనే బెర్నడీన్ వైపు చూశాడు, ఆ తేలిక పోయింది.

"నిన్నెక్కడికీ పంపడం లేదు జవెల్. దేవుడి తోడు. అది..." గొంతు సవరించుకున్నాడు. "జనవరి నుంచి నీ జెర్సీలు బయట ఫ్యాక్టరీలో కుట్టిస్తున్నాం. ముందు నీవి, వచ్చే ఏడు అందరివీ. నీ జెర్సీలకి నంబరు వేసి, సీలు వేసి, ఆట అయ్యాక వేలం వేస్తారు. అది చేసే కంపెనీయే కుట్టిస్తుంది. కొలతలు అందుకే అడిగాను. ఈ ఫొటో జెర్సీ వాళ్ళు పంపిన మొదటిది."

"మరి ఈ గది?" అంది బెర్నడీన్.

ప్రూయిట్ గోడ వైపు చూశాడు. "ఐస్ మిషన్లు పెట్టాలనుకుంటున్నారు. మీకు క్రిస్మస్ ముందు చెప్పాలనుకున్నాం, మంచి మాటలతో."

గోడ వెంట ఆయన పాదానికి పాదం ఆనించి ఎందుకు నడిచాడో అప్పుడు తెలిసింది ఆవిడకి, గది కొలుచుకోవడానికి. రెండు వారాలుగా అనుమానపడింది సరైనదాన్నే. మనిషిని మాత్రం తప్పుగా పట్టుకుంది. ఆ కాగితంలో పోయేవాడు హాథార్న్ కాదు, తను.

"మంచి మాటలతో," అంది. "పొంచ్కీలతో కూడానా?"

ప్రూయిట్ చెవులు ఎర్రబడ్డాయి.

హాథార్న్ ఇద్దరి మొహాలూ చూశాడు. ఆ చిన్న జెర్సీని మడిచి బల్ల మీద పెట్టాడు.

"అయితే నా అంచు ఎవరు కుడతారు?"

"ఏ అంచు?" అన్నాడు ప్రూయిట్.

"ఆటకి ముందు. ఆఖరి కుట్టు."

"జవెల్, పైన ఇరవై ఏడు కోట్ల కాగితం ఉంది. నాలుగు టీవీ చానెళ్ళున్నాయి. నువ్వు పన్నెండు చొక్కాల గురించి..."

"అదే నేనూ అంటున్నాను. ఇరవై ఏడు కోట్లు ఇవ్వగలిగినవాళ్ళు పన్నెండు చొక్కాలు ఇవ్వలేరా? ఇరవై నాలుగు రాయి. అప్పుడొస్తాను పైకి."

"ఓనర్ని అడగాలి."

"అడుగు. నేనిక్కడే ఉంటాను. డాక్టరుకి కూడా చెప్పు, నా ఒళ్ళు బాగానే ఉందని. చీటీయే పాతదని."

ప్రూయిట్ వెళ్ళాడు. పన్నెండయింది. పైన కుర్చీలు కదిలిన చప్పుడు. పన్నెండుంపావు అయింది. హాథార్న్ చిన్న స్టూలు మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, కిటికీ తెరలకి నీలం బాగుంటుందా బూడిద రంగా అని అడుగుతున్నాడు. బెర్నడీన్ నీలం అంది. ఈలోగా ఆవిడ చేతులు ఊరుకోలేదు. పోయినేటి జెర్సీ ఒకటి తీసి, అంకె కొత్తగా కుట్టి, ఫొటోకి సిద్ధం చేస్తోంది. వాడు నిజంగా తన కోసమే కూర్చున్నాడా, లేక ముప్ఫై ఎనిమిది పాయింట్ల కోసమా అని ఒకపక్క ఆలోచిస్తూనే ఉంది. తన కోసమైనా పాయింట్ల కోసమైనా కూర్చున్నాడు కదా అని సరిపెట్టుకుంది.

పన్నెండు నలభైకి ప్రూయిట్ తిరిగొచ్చాడు. ఆర్డరు కాగితం మీద పన్నెండు కొట్టేసి ఇరవై నాలుగు రాశాడు. పక్కన పొట్టి సంతకం.

"తారీకు వెయ్యండి," అంది బెర్నడీన్.

వేశాడు.

"వచ్చే ఏటికి?"

ఆయన నిట్టూర్చి ఇంకో వరస రాశాడు. హాథార్న్ మిల్లర్స్‌లో ఆడినంత కాలం హాథార్న్ జెర్సీలు ఈ గదిలోనే కుట్టబడును. దాని కింద కూడా సంతకం పెట్టి, "ఇప్పుడు సంతోషమేనా?" అన్నాడు.

ఆవిడ ఆ వరస రెండుసార్లు చదివింది. ఇంకొంచెం సేపు చూసేసరికి అందులో ఏముందో తేలిపోయింది. మిగతా పద్నాలుగు మందివీ వచ్చే ఏడు ఫ్యాక్టరీకి పోతాయి. ఈ గది మిగిలేది ఒక్కడి కోసం. వాడు ఆడినంత కాలం.

"సంతోషమో కాదో తర్వాత చెప్తాను. ఒక నకలు తీసివ్వండి," అంది.

హాథార్న్ పైకెళ్ళి సంతకం పెట్టాడు. ఆ రోజు ఫొటోలో వాడు వేసుకున్నది ఆవిడ కుట్టిందే. జాగ్రత్తగా చూస్తే అంకె కింద ఒకచోట కుట్టు వంకరగా ఉంటుంది. తెరల రంగులు చెబుతూ కుట్టింది మరి.

అక్టోబరులో గుడ్డ మూటలు వచ్చాయి. ఒక్కొక్కటీ విప్పి లెక్కపెట్టింది. ఇరవై నాలుగు. మళ్ళీ లెక్కపెట్టింది. శుక్రవారాలు బారులో ఎటు కూర్చోవాలో ఆవిడకి తేలలేదు. కిటికీ వైపు కూర్చుంటే, పాపం ఆవిడ పొట్టకూడు కదా అంటారు. గోడ వైపు కూర్చుంటే ఇంట్లో కాజ్ చెప్పే మాటలే ఇక్కడా వినాలి. కౌంటరు దగ్గర నిలబడి తిని వచ్చేస్తోంది.

ఒకప్పుడు ఆట జరుగుతుంటే ఆవిడ కింద కూర్చుని రేపటి పని చేసుకునేది. పైన ఎవరు గెలిచినా ఒకటే. ఇప్పుడలా కాదు. పైకప్పు మీద అడుగుల చప్పుడు వింటూ కూర్చుంటుంది. వాడు ఎగిరాడంటే, దిగిన చప్పుడు వినపడేదాకా సూది కదలదు.

జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆట. మూడో భాగంలో పైన హోరు ఉన్నట్టుండి తెగిపోయింది. పద్దెనిమిది వేల మంది ఒకేసారి నోరు మూసుకుంటే ఎలా ఉంటుందో నేలమాళిగలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. మిషన్ మోటారు కూడా ఎక్కువ చప్పుడు చేస్తున్నట్టుంటుంది. గదిలో టీవీ లేదు. ఆవిడ మిషన్ ఆపి ఇంటికి ఫోన్ చేసింది.

"ఏమైంది కాజ్?"

"పడ్డాడు," అన్నాడు కాజ్. వెనకాల టీవీ మాటలు. "ఎవడి కాలి మీదో దిగాడు. మోకాలు పట్టుకున్నాడు."

"ఏ మోకాలు?"

"ఇటు తిరిగి పడుకున్నాడు, తెలియడం లేదు. ఉండు. లేస్తున్నాడు. ఇద్దరు పట్టుకున్నారు."

పైన చప్పట్లు మొదలయ్యాయి. నెమ్మదిగా.

"నడుస్తున్నాడా?"

"నడుస్తున్నాడు."

"కుంటుతున్నాడా?"

"ఏమే, ఐదేళ్ళ జీతం ఊరికే పోతుందని నేను మొత్తుకుంటే అప్పుడు..."

"కాజ్. కుంటుతున్నాడా లేదా?"

తమ్ముడు టీవీ చప్పుడు తగ్గించాడు. ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు.

"వాడి నడక నీకు తెలిసినంత నాకు తెలియదు. ఎడమ కాలు కాస్త ఈడుస్తున్నట్టుంది. బాగానే ఉన్నానని చెయ్యి ఊపుతున్నాడు. నవ్వుతున్నాడు కూడా."

"నవ్వుతాడు," అంది బెర్నడీన్. "అడిగితే బాగానే ఉందనే చెప్తాడు. నువ్వు మొహం చూడకు. కాలు చూస్తూ ఉండు, ఫోన్ పెట్టెయ్యకు."